దుర్గం ఉదయగిరిలో.. దాని చరిత్ర ఊరూరా

ఉదయగిరి: నెల్లూరు జిల్లా పశ్చిమ సరిహద్దున 3,079 అడుగుల ఎత్తున నిలిచిన ఉదయగిరి కొండను చూసినవారికి కూలిన బురుజులు, తెగిన ప్రాకారాలు, మొండిగోడల ఆలయాలే కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ కొండపైన ఎనిమిది, దిగువన ఐదు, మొత్తం పదమూడు కోటలుండేవి. పలువైపుల నిట్టనిలువుగా దిగే రాతి చరియలే దీనికి పెట్టని గోడలు. ఎక్కేందుకు వీలున్న ప్రతి దారికీ అడ్డంగా ప్రాకారాలు కట్టారు.

విజయనగర సామ్రాజ్యం ఆరంభంలోనే ఉదయగిరి ఒక రాజ్యానికి కేంద్రమైంది. మొదటి హరిహరరాయల తమ్ముడు కంపన ఇక్కడి నుంచి తూర్పు సీమను పాలించాడు. తరువాత బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వచ్చాడు. ఈయన పేరు నిలిచింది కోట వల్ల కాదు, చెరువు వల్ల. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369లో ఆయన తవ్వించిన చెరువు, దాని శాసనం నేటికీ ఉన్నాయి. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసేందుకు నూరు బండ్లు, రెండేళ్ల శ్రమ అని శాసనం లెక్క చెబుతోంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరుసగా పేర్కొంది. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం వాటిలో కొన్ని. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటమూ దోషమేనట! నీటి తగాదాలు ఆనాడూ తక్కువేమీ కాదన్నమాట.

ఏడాదిన్నర ముట్టడి

పదిహేనో శతాబ్దం చివర దుర్గం కళింగ గజపతుల వశమైంది. దానిని తిరిగి సాధించేందుకు శ్రీకృష్ణదేవరాయలు 1513లో దండెత్తాడు. లోపలున్నది పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలేనని, అంతకు మించి అవసరం లేనంతటి దుర్భేద్యమైన కోట అని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. ఆకలితో మాడ్చడం తప్ప దీనిని పట్టే మార్గం లేదన్నది ఆయన మాట. రాయల సేనలు బండలు పగలగొట్టి, బురుజుల దాకా బాటలు తొలిచాయి. ఏడాదిన్నర తరువాత, 1514లో కోట లొంగింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయ బందీ అయ్యాడు. అదే ఏడాది జులైలో రాయలు తిరుమలకు వెళ్లి శ్రీవారికి ముప్పై వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడు.

వెళ్లిపోయిన బాలకృష్ణుడు

ఉదయగిరిలో పూజలందుకున్న బాలకృష్ణుని విగ్రహాన్ని రాయలు విజయచిహ్నంగా తన రాజధానికి తరలించాడు. హంపిలో ప్రత్యేకంగా ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆలయం ముందున్న శాసనం ఈ సంగతిని తెలుపుతోంది. కాలక్రమంలో ఆ విగ్రహం భిన్నమైంది. మిగిలిన భాగం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అక్కడికి వెళ్లే మన జిల్లావాసుల్లో అది ఉదయగిరి స్వామి అని గుర్తించేవారు ఎందరు?

రాయల తరువాత దుర్గం గోల్కొండ సుల్తానుల చేతికి చిక్కింది. కొండపైని మసీదు అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడిని గుర్తుచేస్తుంది. ఆపై ఆర్కాటు నవాబుల కింద జాగీరుగా మారింది. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ తమపై కుట్ర పన్నాడంటూ 1839లో ఆంగ్లేయులు జాగీరును స్వాధీనం చేసుకుని, ఆయనను చెంగల్పట్టుకు పంపించారు. అంతటితో కోటకు యజమాని లేకుండా పోయాడు.

దిగువన రంగనాయకుల ఆలయ శిథిలాల్లో శిల్పాలు చెక్కిన స్తంభాలు ఇంకా నిలిచే ఉన్నాయి. కొండ ఎక్కలేనివారు వీటినైనా చూడవచ్చు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి సుమారు వంద కిలోమీటర్లు. కొండెక్కేవారు తెల్లవారుజామునే బయలుదేరి, తాగునీరు వెంట తీసుకెళ్లడం మేలు.