తీరం గీత వంకర తిరిగితే...

ఈ ఎపిసోడ్‌లో గాలి గురించి మాట్లాడుకుందాం. స్కూల్లో గీసిన బొమ్మ గుర్తుందా? ఒక పక్క నేల, ఒక పక్క సముద్రం, మధ్యలో స్కేలు పెట్టి కొట్టిన గీత. పగలు నేల తొందరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంది, సముద్రం మీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. బొమ్మలో అంతా సరిగ్గానే ఉంది, ఆ గీత తప్ప. ఏ తీరమండీ అంత తిన్నగా ఉండేది?

కంప్యూటర్ మోడళ్లు కూడా ఆ గీతతోనే మొదలయ్యాయి. 1961లో ఎస్తోక్ చేసిన మోడల్ తీరానికి అడ్డంగా నిలువుగా కోసిన ఒక ముక్క లాంటిది. తీరం అటూ ఇటూ అంతు లేకుండా తిన్నగా పోతుందని అనుకోవాలి. గాలి ఎంత ఎత్తున, ఎంత లోపలికి వస్తుందో అది చెబుతుంది. ఏ ఊరి మీద మబ్బు పడుతుందో చెప్పలేదు. 1970లో మెక్‌ఫర్సన్ ఆ తీరానికి ఒక అఖాతం తగిలించి చూశాడు. అంతే, లోపలికొచ్చే గాలి అంచు కూడా వంకర తిరిగింది.

అసలు కథ ఫ్లోరిడాది. తూర్పున అట్లాంటిక్, పడమట గల్ఫ్ ఆఫ్ మెక్సికో, లోపల ఒకీచోబీ అనే పెద్ద సరస్సు. రెండు వైపుల నుంచి వచ్చే సముద్రపు గాలులు మధ్యలో కలవడం వల్లే అక్కడ వేసవి మధ్యాహ్నాలు అన్ని ఉరుములని బయర్స్, రోడ్‌బుష్ 1948లోనే రాశారు. 1970ల మొదట్లో మయామీలో జోన్ సింప్సన్ నడిపిన ప్రయోగశాల అక్కడి మబ్బుల్లో రసాయనం చల్లి వాన పెంచే ప్రయత్నాల్లో ఉంది. నాకు ఇక్కడే ఒక చిక్కు కనిపిస్తుంది. చల్లాక వాన పడితే అది మందు గొప్పా, సముద్రపు గాలి గొప్పా? మబ్బు తనంతట తాను ఎక్కడ పుడుతుందో తెలియకుండా ఎలా తేలుస్తాం?

ఆ ప్రయోగశాలలోనే ఉన్న రోజర్ పీల్కే 1974లో దక్షిణ ఫ్లోరిడాకు మూడు కొలతల మోడల్ ప్రచురించాడు. గళ్ల మధ్య దూరం 11 కిలోమీటర్లు. అందులో మబ్బు లేదు, వాన లేదు. పొడి గాలి ఒక్కటే. అయినా అది గాలి కూడుతుందని చూపించిన చోట్లే, వేరే తుఫాను గొడవ లేని రోజుల్లో, నిజంగా ఉరుముల మబ్బులు లేచాయి! కారణం తీరం ఆకారమే. నేల సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట రెండు పక్కల గాలీ లోపల ఒకదానికొకటి ఎదురై పైకి లేస్తుంది. అఖాతం దగ్గర అదే గాలి విచ్చుకుపోతుంది, కాబట్టి అక్కడ మబ్బు తక్కువ. సరస్సు నీళ్లు కూడా నేల కన్నా చల్లనివే, అందుకే మధ్యాహ్నం వాటి మీద ఆకాశం తేటగా ఉంటుంది. వాన ఊసే లేని లెక్క వాన చోటు చెప్పడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మరి 11 కిలోమీటర్ల గడిలో పట్టని తీరం సంగతి? మన శ్రీహరికోటే తీసుకోండి. తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు, మధ్యలో సన్నటి దీవి. అంత పెద్ద గడిలో ఆ దీవి దాదాపు మాయమైపోతుంది. రాకెట్ ఎగిరే చోట గాలి ఎటు తిరుగుతుందో తెలియాలంటే గడి బాగా చిన్నది కావాలి. అది చేసినా ఇంకో తిరకాసు ఉంది. పులికాట్ లోతు తక్కువ. వానల తర్వాత నిండుగా ఉండే చోటు, ఎండాకాలంలో చాలా భాగం ఎండి బీటలు వారుతుంది. అప్పుడు అది గాలికి నీరు కాదు, కాగే నేల. కాబట్టి మోడల్‌లో తీరరేఖ గీసేవాళ్లు ముందు ఒక మాట తేల్చుకోవాలి: డిసెంబరు పులికాట్‌నా, మే నెల పులికాట్‌నా?