దిక్కు గల రాశి, దిక్కు లేని రాశి

రేడియోలో వాతావరణ సమాచారము వినునపుడు ఒక విషయము గమనింపుడు. ఉష్ణోగ్రత 38 డిగ్రీలని చెప్పినచో మాట పూర్తియైనది. గాలి గంటకు 40 కిలోమీటర్ల చొప్పున వీచునన్నచో పూర్తి కాలేదు. ఏ దిక్కునుండియో తెలిసినగాని జాలరి పడవ విప్పడు. పరిమాణము మాత్రమే చాలునది అదిశరాశి. దిశయు కావలసినది సదిశరాశి. తూర్పునకు 3, ఉత్తరమునకు 4 కిలోమీటర్లు నడచినవానికి కాళ్లు నొచ్చుట 7 కిలోమీటర్లకే. కాని బయలుదేరిన చోటికి వాడు 5 కిలోమీటర్ల యెడముననే యుండును. సదిశరాశుల కూడిక యిట్టిది.

మరి గుణకార మెట్లు? ఈ ప్రశ్న డబ్లిన్ నగరపు గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్‌ను ఏండ్ల తరబడి వేధించెను. మూడేసి సంఖ్యల కూటములను గుణించుట చేతనైనదా యని ఉదయఫలాహారపు వేళ కుమారులడుగగా, కూడుటయు తీసివేయుటయు మాత్రమే వచ్చునని ఆయన తల యాడించెడివాడట. 1843 అక్టోబరు 16న భార్యతో రాయల్ కాలువ గట్టున నడచుచుండగా సమాధానము స్ఫురించెను: మూడు చాలవు, నాలుగు కావలెను. వెంటనే ఆ సూత్రమును బ్రూమ్ వంతెన రాతిపై చాకుతో చెక్కెను.

ఈ నాలుగింటి కూటమికి క్వాటర్నియన్ అని పేరు. అందలి ఒంటి సంఖ్యకు, సంఖ్యల మెట్లపై ఎక్కి దిగునది గనుక, స్కేలార్ అనియు, దిశ చూపు తక్కిన మూడింటికి, మోసికొనిపోవునదను లాటిను అర్థమున, వెక్టార్ అనియు 1846లో ఆయన పేరిడెను. 1865లో మరణించువరకు ఆయన శ్రమ యంతయు ఈ కూటము మీదనే.

కాని భౌతికశాస్త్రజ్ఞులకు కూటము బరువనిపించెను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు గిబ్స్, ఇంగ్లండులో హెవిసైడ్, ఒకరి నొకరెరుగకయే దానిని విడదీసి, సదిశరాశులకు రెండు గుణకారములు నిర్ణయించిరి. ఎద్దు బండిని లాగుటలో జరిగిన పని మొదటి గుణకార ఫలము, అది అదిశరాశి. పానాతో మరను త్రిప్పుటలోని భ్రామకము రెండవదాని ఫలము; అది సదిశరాశి. హామిల్టన్ అనుయాయి టేట్ దీనిని సహింపలేదు. 1890 తరువాత కొన్నేండ్లు 'నేచర్' పత్రికలో ఘాటైన వాదములు నడచెను.

హెవిసైడ్ పదునారేండ్లకే చదువు మానినవాడు, చెవి సరిగా వినబడనివాడు, కొంతకాలము టెలిగ్రాఫు పని చేసినవాడు. మాక్స్‌వెల్ యొక్క అనేక విద్యుదయస్కాంత సమీకరణములను 1885 ప్రాంతమున సదిశరాశుల భాషలో నాలుగింటికి కుదించినది ఆయనయే. ఆ నాలుగు సమీకరణములు వర్ణించు తరంగములే ఈ ప్రసంగమును మీ యింటికి తెచ్చునవి.

హామిల్టన్ ప్రాణప్రదముగా నెంచిన కూటము పాఠ్యగ్రంథములనుండి తొలగెను; ఆయన పెట్టిన రెండు పేర్లు నిలిచెను. ఐనను కూటమును దిక్కులేనిదనరాదు. అంతరిక్షమున నౌక ఎటు మొగము త్రిప్పియున్నదో లెక్కించుటకు నేడు దానినే ఆశ్రయించుచున్నారు.