విదేశవిద్యకై చేసిన ఋణము: దాని పూర్వచరిత్రయు, తీర్చు ధర్మమును



మన చేబ్రోలు సామాన్యమైన గ్రామము కాదు. శాసనములలో దీనికి తామ్రపురి యని పేరు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి సేనానియు, నృత్తరత్నావళీకర్తయు నగు జాయపసేనాని యీ ప్రాంతమును పాలించెను. 1213వ సంవత్సరపు ఆతని శాసన మిచ్చటనే యున్నది. ఈ యూరి యాలయశాసనములను, బాపట్ల భావనారాయణస్వామి యాలయశాసనములను చదువువారికి ఒక యేర్పాటు మాటిమాటికిని కానవచ్చును. దాత యఖండదీపమునకై గొఱ్ఱెలనో, ఆవులనో యొసగును. వానిని పుచ్చుకొనినవాడు, తానును తన సంతతివారును దేవునికి నిత్యము నింత నేయి పోయుదుమని యొడంబడును. పాడియు, పిల్లలును వానివే. నేయి మాత్రము దేవునిది. మందలో జీవములు చచ్చును, పుట్టును. దీప మారరాదు.

పుచ్చుకొనినదానివలన బ్రతుకుచు, ఒప్పుకొనిన బాకీని తప్పక చెల్లించుట మన పూర్వులకు నూతనవిషయము కాదని చెప్పుటకే దీనిని మొదట స్మరించితిని. నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గ్రామములనుండి యువతీయువకులు అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు మొదలగు దేశములకు చదువునకై పోవుచున్నారు. వీరిలో పెక్కుమంది ఋణము చేసియే పోవుచున్నారు. పోయినవారు విమాన మెక్కుదురు. ఋణపత్రము మాత్ర మింటనే యుండును. ఆ పత్రముపై నున్న రెండవ సంతకము తండ్రిది, లేక తల్లిది. ఈ వ్యాసమునకు విషయ మా రెండవ సంతకమే.

విదేశవిద్య మనవారికి క్రొత్త కాదు. రేపల్లె ప్రాంతమునందలి కూచినపూడిలో బాల్యము గడపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1911లో తన మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారితోకూడ స్కాట్లండునకు పోయి, ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, తిరిగివచ్చి చీరాల పేరాల యుద్యమమును నడపిరి. నిడుబ్రోలులో 1900లో జన్మించిన ఆచార్య రంగాగారు ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రము నభ్యసించివచ్చి రైతులకొఱకు పాటుపడిరి. వీరు తెచ్చిన విద్య దేశమునకు ముట్టినది.

యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మన విషయమునకు మఱింత దగ్గఱ. ఆయన 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరునప్పటికి ఆయన వెనుక రెండు సహాయములు కలవు. ఒకటి మామగారు సమకూర్చిన ధనము. రెండవది కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధివారి వాగ్దానము. ఆ నాయకరుగారు తానును బీదతనమున రంగూనునకు పోయి, అచ్చట ధనమార్జించి, దానిని విద్యాదిధర్మములకై స్వదేశమున నిలిపిన మహనీయుడు. పరదేశమున నార్జించిన ధనము స్వదేశమునకు తిరిగివచ్చి, మఱియొక యువకుని పరదేశమునకు పంపినది. మన దీపశాసనముల ధర్మ మిందును కనబడుచున్నది.

ఇట్టి ధనము దానమా, ఋణమా యను ప్రశ్న న్యాయస్థానములకును ఎక్కినది. హిందూ యవిభక్తకుటుంబమున ఉమ్మడిధనముతో ప్రత్యేకవిద్య నేర్చినవాని యార్జన ఉమ్మడిదే యని పూర్వము తీర్పులుండెడివి. 19వ శతాబ్ది చివరిభాగమున భాష్యం అయ్యంగారు మద్రాసు శాసనసభలో దీనిని మార్పదలచి బిల్లు తెచ్చినను, గవర్నరు ఆమోదము లభింపలేదు. 1921లో గోకుల్‌చందు వ్యాజ్యెమున ప్రీవీకౌన్సిలువారు, కుటుంబధనముతో చదివి ఐ.సి.యస్. ఉద్యోగియైనవాని యార్జనయు ఉమ్మడియాస్తియే యని నిర్ణయించిరి. తుదకు 1930లో విద్యార్జన చట్టము వెలువడినది. దానివలన, చదువునకు ధన మెవరు పెట్టినను, చదివినవాని యార్జన వానిదే యైనది. జయకరుగారి కృషిచే వచ్చిన యీ చట్టము న్యాయమైనదే. స్వశక్తితో సంపాదించువాడు తన దాయాదుల కందఱకు జీవితాంతము భాగము పంచవలెననుట సబబు గాదు.

కాని చట్టము తెంచిన ముడిని కాలము మఱియొక రీతిగా వేసినది. విదేశవిద్యకు ఋణరూపమున ధన మిచ్చు పద్ధతి మనదేశమున 1892లో జంషెడ్జీ టాటాగారు నెలకొల్పిన నిధితో ప్రసిద్ధమైనది. తరువాత రాష్ట్రపతియైన కె. ఆర్. నారాయణన్‌గారు 1945లో లండనునకు పోయినది టాటా వేతనముతోనే. విద్యార్థులు తీర్చిన సొమ్ము మఱికొందఱు విద్యార్థులకు చేరుటయే యట్టి నిధుల ప్రాణము. పిదప 2001లో బ్యాంకుల సంఘమువారు విద్యాఋణములకు ఒక మాదిరిపథకమును ఏర్పఱచిరి. అప్పటినుండి సామాన్యరైతు బిడ్డకును విదేశవిద్య అందుబాటులోనికి వచ్చినది. ఇది గొప్ప మేలు. అయితే తల్లియో తండ్రియో సహఋణగ్రహీతగా సంతకము చేయవలెను. ఋణము ఏడున్నర లక్షలు మించినచో సాధారణముగా స్థిరాస్తిని తాకట్టు పెట్టవలెను. పూర్వము కుమారుని యార్జన కుటుంబమునకు బద్ధమై యుండెను. ఇప్పుడు కుటుంబము యొక్క యిల్లు కుమారుని చదువునకు బద్ధమైనది.

సహఋణగ్రహీత యనగా సాక్షి కాడు. మొత్తము బాకీకి తానును బాధ్యుడే. 2002 నాటి చట్టముచే, తాకట్టుపడిన యింటిని బ్యాంకువారు కోర్టుకు పోకయే స్వాధీనపఱచుకొని వేలము వేయవచ్చును. వ్యవసాయభూమికి ఆ చట్టము వర్తింపదు గాని, దావా వేయు మార్గ మున్నది. కావున సముద్రము దాటినంతమాత్రమున బాకీ దాటదు.

వడ్డీ సంగతి యొక లెక్కతో విన్నవింతును. పది లక్షల ఋణమునకు సాలుకు నూటికి 10 రూపాయల వడ్డీ యనుకొందము. చదువు రెండేండ్లు, ఆపైన గడువొక యేడు. ఈ మూడేండ్లు నేమియు కట్టనిచో సాధారణవడ్డీయే 3 లక్షలగును. అప్పుడు 13 లక్షలపై పదియేండ్ల వాయిదా నెలకు సుమారు 17,180 రూపాయలు. ఆ మూడేండ్లును నెలకు 8,333 రూపాయలు కట్టుచు వచ్చినచో, తరువాతి వాయిదా సుమారు 13,215 రూపాయలే. ముందు కట్టిన 3 లక్షలకు బదులుగా వెనుక సుమారు 4 లక్షల 75 వేలు మిగులును.

మారకపు సంగతియు తెలియవలెను. 1966 జూన్ 6వ తేదీన డాలరు వెల 4 రూపాయల 76 పైసలనుండి ఏడున్నర రూపాయలకు పెరిగెను. నాడు ఇంటినుండి రూపాయలు తెప్పించుకొని చదువుచున్నవారికి ఒక్కదినమున ఖర్చు సగమునకు మించి హెచ్చినది. డాలర్లలో సంపాదించుచు రూపాయలలో బాకీ తీర్చువారికి భారము తగ్గినది. రూపాయి దిగినప్పుడెల్ల పోవువానికి నష్టము, పంపువానికి లాభము. ఆ లాభమును అనుభవించుచు వాయిదా తప్పుట తగునా?

ఈ వ్యాసకర్త యెఱిగిన యొక యింట కుమారునికి పరదేశమున ఉద్యోగము పోయినది. సిగ్గుచే ఆతడు ఇంటికి తెలుపలేదు; వాయిదాలు నిలిచినవి. తండ్రికి సంగతి బ్యాంకు నోటీసువలన తెలిసినది. ఆ వృద్ధుడు నోటీసును భార్యకు చూపక బియ్యపుడబ్బాలో దాచెను. డబ్బు లేకపోవుట తప్పు కాదు, చెప్పకపోవుట తప్పు. ముందుగా తెలిపినచో గడువు పొడిగింపుమని బ్యాంకువారి నడుగవచ్చును. నెలలు గడచిన పిదప నపరాధరుసుమును, తండ్రి పరపతికి మచ్చయు మిగులును.

ఇంకొక మాట. చెప్పుట కష్టమైనను చెప్పకతప్పదు. కుమారుని ఋణమును కోడలు తెచ్చు కట్నముతో తీర్చుద మనుకొను తలిదండ్రులు మనలో లేకపోలేదు. కట్నము 1961 చట్టముచే నేరము. చట్టము మాట యటుంచినను, ఒక యింటి పిల్లవాని చదువు ఖరీదును మఱియొక యింటి యాడపిల్ల తండ్రి యేల చెల్లింపవలెను? ఆయన తన కుమార్తె చదువునకు చేసిన ఋణ మప్పటికే తీర్చుచుండవచ్చును.

కావున మన సంఘమువారికి మూడు మనవులు. పరదేశములనుండి మన నిధికి విరాళము పంపువారు మొదట తలిదండ్రుల తాకట్టును విడిపించి పిదప పంపుదురుగాక. ఆ విడుదలపత్రము మాకు విరాళముకంటె తక్కువ కాదు. పోవుటకు ముందే ప్రతి విద్యార్థియు ఋణముతోపాటు జీవితబీమాయు చేయవలెను. దురదృష్టవశమున నేమి జరిగినను వృద్ధులపై బాకీ పడదు. మన విద్యానిధి యిచ్చు సహాయములో కొంతభాగము వడ్డీలేని ఋణముగా నుండి, తీర్చిన సొమ్ము మఱుసటి యేడు మఱియొక బాలునికో బాలికకో చేరవలెను. తీర్చినవారి లెక్క సభలో చదువవలెను. తీర్చలేనివారి పేరు సభలో చదువరాదు.

తామ్రపురిలో నాడు గొఱ్ఱెలను పుచ్చుకొనినవారి సంతతి నేతిని మఱచియుండినచో దేవునికి లోటు లేదు. గుడి మాత్రము చీకటియగును. మన యిండ్లలో నట్లు కాకుండుగాక.