తూము చుట్టున జాఱు నీరు

ఓరుగల్లు సీమలో చెఱువులు కట్టించిన ప్రభువుల పేర్లు శిలాశాసనములయందు చిరస్థాయిగా నిలిచియున్నవి గాని, ఆ కట్టలలో తూము నిలిపి దాని యంచులవెంట నీరు జాఱకుండ బిగించిన పనివాని పేరును చెక్కించినవారు అరుదు. నేటి మహబూబాబాదు జిల్లాలోనిదే బయ్యారము చెఱువు. దానిని కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దిలో కట్టించెను. అచ్చటి శాసనము కాకతీయుల వంశావళికి ముఖ్యాధారమగుటచే దానిని చదివిన పండితులు పెక్కురు. తూములోనికి వంగి చూచినవారు మాత్రము, నాకు దోచినంతవరకు, కొద్దిమందియే.

తూమనగా కట్ట యడుగున నీటివైపునుండి పొలమువైపునకు సాగిన రాతికాలువ. నీటివైపున రెండు రాతికంబములు నిలిపి, వానికడ్డముగా తొలిచిన బండలు వేసి, ఆ రంధ్రములగుండ కొయ్యగడను దింపి, దాని మొనతో అడుగునున్న బెజ్జమును మూసెడివారు. బెజ్జమును మూయుట సులువు. కష్టమంతయు రాతికిని మంటికిని నడుమనే యున్నది. రాయి కదలదు, మన్ను ఎండకు పగులును, వానకు క్రుంగును. ఆ రెంటి నడుమ వెండ్రుకవాసి సందు దొరకెనా, చెఱువు లోతునకు తగిన యొత్తిడితో నీరు దానిలో చొచ్చి, మంటిరేణువులను కొనిపోవుచు, సందును బిలముగను, బిలమును గండిగను మార్చివైచును. అందుచే రాతికీళ్లను సున్నముతో పూడ్చి, కాలువ చుట్టును బంకమన్నును పొరలుపొరలుగా వేసి దిమ్మిస కొట్టవలసియుండును. కట్ట వెనుక ఊరెడి నీరు తేటగా నున్నచో నీరటికాడు కొంత నిదానింపవచ్చును. బురదగా నున్నచో ఊరిని లేపవలసినదే.

కడప సీమలో పోరుమామిళ్ల చెఱువును కట్టించిన భాస్కరుడు బుక్కరాయల కుమారుడు. అతని 1369 నాటి సంస్కృత శాసనము, రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును పనిచేసిన సంగతి చెప్పి, చెఱువునకు ద్వాదశాంగములను, షడ్దోషములను పరిగణించినది. కట్టనుండి నీరూరుట ఆ దోషములలో నొకటి. రెండు రాజ్యముల సరిహద్దున చెఱువుండుటయు దోషమే యట. అచ్చట ఊరునవి తగవులు కాబోలు!

నేడు స్నానాలగదిలో వాష్‌బేసిను బిగించు ప్లంబరున కెదురగునదియు ఆ చిక్కే. జానెడు లోతైన లేని తొట్టిలో ఒత్తిడి యత్యల్పము. ఐనను పింగాణికిని కప్లింగు అంచునకును నడుమ సందున్నచో చుక్కచుక్కగా కాఱక మానదు. అంచు క్రింద పుట్టీ, తొట్టి యడుగున రబ్బరు వాషరు, ఆపై నట్టు. నట్టును చేతితో బిగించి, పిదప పానాతో కొంచెమే త్రిప్పవలెను. బలము చూపినచో పింగాణి చిట్లును. క్రిందనుండు వంపుగొట్టము, 1775లో లండనులో అలెగ్జాండరు కమ్మింగు తన మరుగుదొడ్డికై పేటెంటు పొందిన యుపాయమే, కొంత నీటిని తనలో నిలుపుకొని దుర్గంధమును ఆపును. పైన కాఱిన నీరు దానివెంటనే దిగివచ్చుటచే నిందయు దానిపైననే పడుచుండును.

కాఱుట కనబడినంతనే వెలుపలినుండి సిలికాను పూసి తృప్తిపడువారు పెక్కురు. కట్ట వెనుక మన్ను మెత్తినంతమాత్రమున ఊట యాగునా? నీటివైపుననే అడ్డవలయును. ఇచ్చటను కప్లింగు విప్పి, పాత పుట్టీని గీకి, తడి యార్చి, పైయంచు క్రిందనే క్రొత్తది పెట్టవలసియున్నది.