డొంక పోరంబోకు

మా తాత పోయిన రోజున నేను ఏడవలేదు. పెట్టె బురదలో పడకుండా చూసుకోవడంతోనే సరిపోయింది.

2009 నవంబరు. ముందు రోజంతా ముసురు. మా మాలపల్లె నుంచి సమాధుల దొడ్డికి అర కిలోమీటరుంటుంది. ఒకప్పుడు ఎదురెదురుగా వచ్చిన రెండు బళ్ళు తప్పుకుపోయిన డొంక అది. తాతని మోసుకెళ్ళేనాటికి చేను గట్టు మిగిలింది. గట్టు మీద ఒక్క మనిషి నడుస్తాడు. పెట్టెకి నలుగురం కావాలి. ఇద్దరం ఈ పక్క చేలో, ఇద్దరు ఆ పక్క చేలో మోకాళ్ళ దాకా దిగబడి నడుస్తున్నాం. ఆసామి వచ్చి నిలబడ్డాడు. "ఏరా, ఈనిన చేలో దిగుతారంట్రా?" అన్నాడు. మా నాన్న తలగుడ్డ తీసి, "ఈ ఒక్కసారికి అయ్యా" అని బతిమాలాడు. నేనప్పటికి బి.ఇడి. చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి. నోరు తెరవలేదు.

ఆ పెట్టెలో ఉన్న మనిషికి ఆ డొంక వెడల్పు లింకులతో సహా తెలుసు. మా తాత ఊరికి వెట్టి. కాగితాల్లో వెట్టి, జనం నోట్లో ఎట్టోడు. కరణం దస్త్రాలు మొయ్యడం, ఆఫీసర్లొస్తే గుర్రానికి గడ్డి నుంచి మంచానికి నవారు దాకా చూడటం, గట్టు తగాదా వస్తే సర్వే రాయి ఎక్కడుందో చూపించడం ఆయన పని. సర్వే గొలుసు అరవై ఆరడుగులు, అందులో నూరు లింకులు. తెల్లదొరల సర్వే నాడు మా ముత్తాత గొలుసు లాగాడంట. తర్వాత తగాదాల్లో గొలుసు చివర పట్టుకుంది తాతే. "పల్లె మొదట్లో ముప్పై మూడు లింకులురా డొంక" అని చుట్ట కాలుస్తా చెప్పేవాడు. నేను పరీక్షలకి చదువుకుంటా వినీ విననట్టుండేవాణ్ణి.

మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేలో ప్రతి చేనుకీ నంబరిచ్చినట్టే డొంకకీ, కాలవకీ, చెరువుకీ, శ్మశానానికీ నంబర్లిచ్చారు. కొలతలు ఎఫ్.ఎం.బి. అనే పటాల పుస్తకంలో గీశారు. ఇట్లాంటి నేలని పోరంబోకు అన్నారు. శిస్తు లెక్కకి బయట నేల, అందరిదీ అని. మా ఊళ్ళో అది తిట్టు. గొలుసు లాగింది మావాళ్ళు, ఎండలో రాళ్ళు పాతింది మావాళ్ళు. తయారైన పటం మాత్రం కరణం ఇంటి పెట్టెలోకి పోయింది. ఆ ఇంటి అరుగెక్కే హక్కు మాకు లేదు. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయి దస్త్రాలు సర్కారు ఆఫీసుకి చేరేదాకా మా డొంక కాగితం మేం కళ్ళజూడలేదు.

దారి మీద హక్కు కొత్త మాట కాదు. 1924 ఆగస్టులో మద్రాసు శాసనసభలో రెట్టమలై శ్రీనివాసన్ గారు తీర్మానం పెట్టి నెగ్గించారు. ఏ ఊళ్ళోనైనా, ఏ వీధిలోనైనా, ఏ బాటలోనైనా ఏ కులంవాడైనా నడవొచ్చని. మా గుంటూరు జిల్లా అప్పుడు ఆ రాజ్యంలోదే. అదే ఏడాది అటు తిరువాన్కూరులో, వైకోం గుడి చుట్టూ రోడ్ల మీద నడవనివ్వమని సత్యాగ్రహం జరుగుతోంది. మా తాత మాత్రం 1950ల్లో కూడా రచ్చబండ దగ్గర చెప్పులు చేతబట్టుకునే నడిచాడు. 1955 అంటరానితనం నేరాల చట్టంలో రోడ్డూ ఉంది, శ్మశానమూ ఉంది. 1976లో దానికే పౌరహక్కుల పేరు పెట్టారు. కారంచేడు అయ్యాక 1989లో అత్యాచారాల నిరోధక చట్టమొచ్చింది. ఆనవాయితీగా నడిచే దారిని కాదంటే అందులోనూ నేరమే.

అయితే ఈ చట్టాలన్నీ అడ్డం నిలబడి 'రావద్దు' అనేవాడి గురించి. మా డొంక మీద అట్లా ఎవడూ అనలేదు. దున్నుకున్నారు. ఏడాదికి రెండు సాళ్ళు ఈ పక్క, రెండు సాళ్ళు ఆ పక్క. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టినప్పటి నుంచి డెల్టాలో జానెడు నేలకైనా ధరే. పోరంబోకు ఆక్రమణకి 1905 చట్టం కింద జరిమానా ఉంది, బి మెమో అంటారు. మా దగ్గర ఆ జరిమానా రసీదుల్నే అనుభవానికి సాక్ష్యంగా దాచుకున్న ఘనులున్నారు. ఊరికి అటువైపు డొంక, వాళ్ళ చేలకి పోయేది, చెక్కుచెదరలేదు. దానికి గ్రావెల్ కూడా పడింది. ఇటు డొంక మీద నడిచేది మేమూ, మా శవాలూ.

నవంబరు రెండున సమాధుల పండగ. ముందు రోజు పల్లెలో ఇంటికొక మనిషి కత్తీ పారా పట్టుకుని సర్కారు తుమ్మ కొట్టి దారి చేస్తారు. పంచాయతీ ఏనాడూ చెయ్యలేదు. 1994 చట్టం ప్రకారం ఊళ్ళో రోడ్లన్నీ దానివే. 2015లో ఉపాధి హామీ కింద మట్టి పోయిద్దామని అడిగితే "రోడ్డేది, చూపించు" అన్నారు. ఇక్కడ నా తప్పూ ఒప్పుకోవాలి. టీచరుద్యోగం వచ్చాక నేను తారురోడ్డు మీద బండెక్కి తిరిగాను. ఆరేళ్ళు ఆ డొంకలో అడుగుపెట్టలేదు. ఆరో తరగతికి పటాల పాఠం చెబుతా, బోర్డు మీద దిక్కులూ, స్కేలూ గీస్తా ఉంటే తాత ముప్పై మూడు లింకులు గుర్తొచ్చాయి.

సమాచార హక్కు కింద ఎఫ్.ఎం.బి. నకలు తీసుకున్నాను. డొంకకి దాని నంబరు దానికుంది. పల్లె మొదట్లో ముప్పై మూడు లింకులు. అంటే దాదాపు ఇరవై రెండడుగులు. పల్లె కుర్రాళ్ళతో టేపు పెట్టి కొలిస్తే ఆరడుగులు. కాలవ దాటాక మూరెడు. మా అమ్మ "ఉజ్జోగం పోద్దిరా, ఊళ్ళోవాళ్ళతో మనకెందుకు" అంది. అర్జీలు పెట్టాను. కదల్లేదు.

2020 డిసెంబరులో రాష్ట్రమంతా రీసర్వే మొదలైంది. మా ఊరి వంతు 2022లో వచ్చింది. పైన డ్రోను, కింద రోవరు. ఎవరి చేలో వాళ్ళు నిలబడమన్నారు. డొంకకి పట్టాదారు లేడు, దాని తరఫున ఎవరు నిలబడాలి? సెలవు పెట్టి నేను నిలబడ్డాను. సర్వే కుర్రాడు మంచివాడే. "మాస్టారూ, ఫొటోలో అంతా వరే కనబడుతోంది. లేని దారి నేనెట్టా గీసేది?" అన్నాడు. పాత పటం చూపించాను. "రాయి దొరికితే చెప్పండి" అన్నాడు.

మా నాన్న గడ్డపార పట్టుకుని గట్టు వెంట నడిచాడు. చిన్నప్పుడు తాత వెనకాల తిరిగినవాడు. ఒకచోట ఆగి, "ఇక్కడే. అయ్య ఇక్కడ కూచుని చుట్ట ముట్టించేవాడు" అన్నాడు. రెండడుగులు తవ్వితే రాయి తగిలింది. గట్టు మీదున్న ఆసామి తొంగిచూసి ఏమీ అనలేదు. నాన్న తలగుడ్డ తియ్యలేదు.

కొత్త పటంలో పల్లె నుంచి ఆ రాయి దాకా డొంక పూర్తి వెడల్పున ఉంది. రెండో రాయి కాలవ అవతల ఉండాలి. పటం ప్రకారం అక్కడ ఇప్పుడు ఒకాయన మోటారు షెడ్డుంది. అందుకని రాయి నుంచి సమాధుల దొడ్డి దాకా ఇంకా గట్టే. అర్జీ మండలాఫీసులో ఉంది. మొన్న నవంబరు ఒకటిన నేనూ పార పట్టుకుని పోయాను. రాయి దాకా నలుగురం పక్కపక్కన నడిచాం. అక్కణ్ణుంచి ఒకరి వెనక ఒకరం.