సీతమ్మ కాకముందు ఆమె రాక్షసి: అంజలీదేవి అసలు కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక పాత హీరోయిన్ గురించి. స్కిప్ కొట్టకండి, మంచి మ్యాటర్ ఉంది.

మీ ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో "లవకుశలో సీత ఎవరు?" అని అడగండి. ఒక్క సెకను కూడా ఆలోచించరు, అంజలీదేవి అంటారు. తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యండి: "ఆవిడ సొంత బ్యానర్‌లో తీసిన సినిమాలేంటి?" అక్కడ చాలామంది ఆగిపోతారు. నా బాధ అదే. ఒక్క వేషం ఎంత పెద్దదైపోయిందంటే, దాని ముందున్న పదిహేనేళ్ళ కెరీర్, ఒక నిర్మాణ సంస్థ, అన్నీ ఆ కాషాయం చీర చాటుకి వెళ్ళిపోయాయి.

మా నర్సీపట్నంలో తుని రోడ్డు ఎక్కి, తుని, అన్నవరం దాటి వెళ్తే పెద్దాపురం వస్తుంది. 1927లో ఆమె అక్కడ పుట్టారు. చిన్నప్పుడు వేసిన తొలి వేషాల్లో ఒకటి లోహితాస్యుడు, అంటే హరిశ్చంద్రుడి కొడుకు. అప్పట్లో తెలుగు నాటకాల్లో ఆడవేషాలు కూడా ఎక్కువగా మగవాళ్ళే వేసేవాళ్ళు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా స్టేజీ ఎక్కితే జనం కళ్ళార్పేవాళ్ళు కాదట, ఆయనకి 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. నాటకాలాడే ఆడపిల్ల గురించి మాత్రం ఊళ్ళో ఏం మాట్లాడుకునేవాళ్ళో నేను చెప్పక్కర్లేదు. అలాంటి రోజుల్లో ఈ అమ్మాయి కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోకి వచ్చింది. పేరు చూసి నవ్వకండి, ఆ క్లబ్బు మామూలుది కాదు. ఎస్వీ రంగారావు, రేలంగి అక్కడి వాళ్ళే. అక్కడే సంగీతం, నాటకం రెండూ తెలిసిన పి. ఆదినారాయణరావు ఉన్నారు. తర్వాత ఆయన్నే పెళ్ళి చేసుకున్నారు.

సినిమాల్లోకి తెచ్చింది సి. పుల్లయ్య. ఆయనదీ కాకినాడే. స్టేజి మీద ఈమెని చూసి 1947లో 'గొల్లభామ'లో వేషం ఇచ్చారు. అంజలీదేవి అని పేరు మార్చింది కూడా ఆయనే. ఇక్కడ కొంచెం ఆగండి. ఆ సినిమాలో హీరోయిన్ కృష్ణవేణి. అంజలిది మోహిని పాత్ర, అంటే మనవాళ్ళు వ్యాంప్ అంటారే, అది. తర్వాత 1949లో 'కీలుగుర్రం'. అందులో ఆమె రాక్షసి! అందమైన ఆడదానిలా మారి, రాజుని బుట్టలో వేసుకుని, రాణి అయిపోయే రాక్షసి. పద్నాలుగేళ్ళ తర్వాత ఊళ్ళకి ఊళ్ళు దణ్ణం పెట్టిన సీతమ్మ ఈవిడే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్. 1951లో భార్యాభర్తలిద్దరూ అంజలి పిక్చర్స్ పెట్టారు. మొదటి సినిమా తెలుగులో 'పరదేశి', తమిళంలో 'పూంగోదై'. ఇందులో వేషానికి ఒక కుర్ర నాటకాల నటుణ్ణి తీసుకున్నారు. అప్పటికి ఒక్క సినిమా కూడా రిలీజ్ కాలేదు అతనికి. పేరు శివాజీ గణేశన్. అవును, ఆ శివాజీనే. ఈలోగా అతనికి 'పరాశక్తి' వచ్చింది. కొత్త నటుణ్ణి ముందు బుక్ చేసుకున్న నిర్మాతలు "మా సినిమా అయ్యాకే వేరేది" అని కూర్చోవచ్చు. వీళ్ళు అడ్డుపడలేదు. 1952 దీపావళికి 'పరాశక్తి' ముందు రిలీజైంది, తమిళనాడు ఊగిపోయింది. వీళ్ళ సినిమా 1953లో వచ్చింది. ఈ శివాజీ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

1955లో 'అనార్కలి'. రెండేళ్ళ ముందే హిందీలో బీనా రాయ్ 'అనార్కలి' సూపర్ హిట్. అదే కథని తెలుగులో సొంత డబ్బుతో తియ్యాలంటే గుండె ధైర్యం కావాలి. అక్కినేని సలీం, ఎస్వీఆర్ అక్బర్, డైరెక్షన్ వేదాంతం రాఘవయ్య, మ్యూజిక్ ఆదినారాయణరావు. ఆడింది. 1957లో అదే టీమ్‌తో 'సువర్ణసుందరి'. ఇప్పుడు పాన్ ఇండియా అని పోస్టర్ మీద వేసుకుంటున్నాం కదా? ఈ కథని వాళ్ళు తెలుగులో, తమిళంలో, హిందీలో తీశారు. తమిళంలో హీరో జెమినీ గణేశన్. హిందీలో అక్కినేనే. ఆయన చేసిన ఒకే ఒక్క హిందీ సినిమా అది. మూడింటిలోనూ హీరోయిన్ అంజలీదేవే. హిందీకి లతా, రఫీ పాడారు, ఆ పాట ఇప్పటికీ రీల్స్‌లో తిరుగుతుంటుంది. ఒక కోడ్ రాసి మూడు ప్లాట్‌ఫామ్‌లకి డిప్లాయ్ చెయ్యడం ఎంత తలనొప్పో నాకు తెలుసు. వీళ్ళు రీలు పెట్టెల కాలంలో చేశారు.

ఇక లవకుశ. సి. పుల్లయ్య ఇదే కథని 1934లోనే ఒకసారి తీశారు, బ్లాక్ అండ్ వైట్‌లో, శ్రీరంజని సీతగా. 1958లో మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి పూర్తిగా కలర్‌లో. అప్పటిదాకా తెలుగులో మొత్తం కలర్ సినిమానే లేదు. మధ్యలో నిర్మాతకి డబ్బు అయిపోయింది. షూటింగ్ ఆగింది. లవుడు, కుశుడు వేసే పిల్లలు ఆగుతారా, పెరిగిపోతున్నారు! మళ్ళీ మొదలయ్యేసరికి డైరెక్షన్ పుల్లయ్య గారి అబ్బాయి సి.ఎస్. రావు చేతికి వచ్చింది. చివరికి 1963 మార్చి 29న విడుదల.

ఎన్టీఆర్ రాముడైతే ఆమె సీత. కానీ ఆ సినిమా ఒకసారి శ్రద్ధగా చూడండి, కథని మోసేది సీతే. గర్భంతో అడవిలో వదిలేస్తే, భర్తని ఒక్క మాట అనకుండా ఆ అన్యాయాన్ని మొహంలోనే చూపించాలి. ఎక్కువ చేస్తే ఏడుపు సీరియల్ అయిపోతుంది. ఆమె గొంతు పెంచదు, కళ్ళు దించుకుంటుంది అంతే. హాల్లో జనం ఏడ్చారు. జనం ఎడ్లబళ్ళు కట్టుకుని టౌన్లకి వచ్చి చూశారని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఊళ్ళకి వెళ్తే ఆడవాళ్ళు కాళ్ళ మీద పడి దణ్ణం పెట్టేవాళ్ళని ఆవిడే చెప్పుకున్నారు.

నాకు ఇక్కడే ఒక చిరాకు. దణ్ణం పెట్టాం సరే, రాక్షసిగా, నర్తకిగా, నిర్మాతగా ఆమె చేసిన పనిని ఎందుకు పక్కన పెట్టాం? దేవతని చేసేస్తే ఆమె పని గురించి మాట్లాడక్కర్లేదనుకుంటాం కాబోలు.

ఆవిడైతే పని ఆపలేదు. 1972లో 'బడిపంతులు'లో ఎన్టీఆర్ భార్యగా ముసలి వేషం వేశారు. చిన్నప్పటి శ్రీదేవి ఉన్న సినిమా అది. 1973లో మళ్ళీ నిర్మాతగా 'భక్త తుకారాం', అక్కినేని తుకారాం, భార్యగా ఆమె. అందులో ఛత్రపతి శివాజీ వేషానికి ఎవరొచ్చారో తెలుసా? శివాజీ గణేశన్. ఇరవై ఏళ్ళ కింద ఒక కుర్రాడి దారికి అడ్డుపడని ఇంటికి, తమిళంలో అంత పెద్ద హీరో చిన్న వేషానికి వచ్చారు.

2014 జనవరి 13న చెన్నైలో ఆమె కన్నుమూశారు. 86 ఏళ్ళు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ముందు 'కీలుగుర్రం' పెట్టండి, వెంటనే 'లవకుశ' చూడండి. పక్కన అమ్మమ్మని కూర్చోబెట్టుకోండి, ఆ రాక్షసి ఎవరో మాత్రం ముందే చెప్పకండి. వచ్చే ఎపిసోడ్‌లో సురభి నాటకాల వాళ్ళ కథ. ఉంటా మరి.