చందనపు పాత్రను ఎందుకు పగలగొట్టించారు?

రాజగృహంలో ఒక శ్రేష్ఠికి మేలైన గంధపు దుంగ దొరికింది. దాన్ని పాత్రగా తొలిపించి, వెదురు గడలు ఒకదానిపై ఒకటి కట్టి చివరన వేలాడదీశాడు. ఇద్ధి గల అర్హంతుడెవరైనా వచ్చి తీసుకోవచ్చని చాటాడు. పిండోల భారద్వాజుడనే భిక్షువు గాలిలోకి లేచి పాత్రను అందుకుని, నగరం చుట్టూ మూడుసార్లు తిరిగాడట. జనం కేకలు వేస్తూ ఆయన వెంటపడ్డారు. చుల్లవగ్గంలోని కథ ఇది.

బుద్ధుడు మెచ్చుకోలేదు, గట్టిగా మందలించాడు. ఆ పాత్రను ముక్కలు చేయించి, భిక్షువుల కంటి అంజనంలో కలిపే సుగంధపు పొడిగా వాడుకోమన్నాడు. గృహస్థుల ముందు ఇద్ధులు ప్రదర్శించరాదని నియమం పెట్టాడు.

ఇద్ధులు లేవని పాళీ గ్రంథాలు అనవు. నాలుగో ధ్యానంలో నిలకడ పొందిన మనసును ఇద్ధుల వైపు, దివ్యశ్రోత్రం వైపు, పరుల మనసు తెలుసుకోవడం వైపు, పూర్వజన్మ స్మృతి వైపు, దివ్యచక్షువు వైపు మళ్లించవచ్చని సామఞ్ఞఫల సుత్తం చెబుతుంది. ఆరో అభిజ్ఞ ఆసవక్షయం, అంటే మనసులోని మాలిన్యాలు నశించడం. మొదటి అయిదూ లౌకికాలే. దేవదత్తుడు ఇద్ధి చూపించే అజాతశత్రువును తనవైపు తిప్పుకున్నాడు. సంఘ నాయకత్వం మీద ఆశ పుట్టగానే ఆ శక్తి పోయింది. అతని కుట్రతో వదిలిన నాలాగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసింది మైత్రితో. మన అమరావతి శిల్పి ఆ ఘట్టాన్ని చెక్కిన ఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది.

అయితే ఈ విషయంలో అసలు ఘట్టం వజ్జి దేశపు కరువు. వగ్గుముదా నది ఒడ్డున వర్షావాసం చేస్తున్న కొందరు భిక్షువులకు భిక్ష దొరకలేదు. వాళ్లొక ఉపాయం పన్నారు. ఫలానా ఆయన మొదటి ధ్యానం పొందాడు, ఫలానా ఆయనకు ఆరు అభిజ్ఞలున్నాయి అని ఊరివాళ్ల దగ్గర ఒకరినొకరు పొగుడుకున్నారు. జనం నమ్మారు. తాము తినకుండా, తల్లిదండ్రులకూ ఆలుబిడ్డలకూ పెట్టకుండా తెచ్చి వాళ్లకు పెట్టారు. వర్షావాసం ముగిశాక అందరూ వైశాలికి వచ్చారు. మిగతా భిక్షువులు నరాలు తేలి ఎండిపోయి ఉన్నారు. వగ్గుముదా వాళ్లు మాత్రం నిగనిగలాడుతున్నారు.

సంగతి తెలిసిన బుద్ధుడు, లేని ఉన్నతస్థితి ఉన్నదని చెప్పుకునేవాణ్ని దొంగలందరిలోకీ పెద్ద దొంగ అన్నాడు. అతను తినేది జనం నోటికాడి కూడు కదా! అలా నాలుగో పారాజిక వచ్చింది. మైథునం, దొంగతనం, నరహత్యల సరసన ఈ అబద్ధాన్ని చేర్చాడు. శిక్ష సంఘం నుంచి బహిష్కారం. పొందానని నిజాయితీగా పొరబడినవారికి మినహాయింపు ఉంది. నిజంగా పొందినా సంఘం బయటివారికి చెప్పుకుంటే పాచిత్తియ దోషమే. ఈ చివరి నియమం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. అబద్ధాన్ని ఆపడం ఒక్కటే లక్ష్యమైతే ఇది అక్కర్లేదు. ధ్యానస్థితిని బట్టి అన్నం రాకూడదని దీని ఉద్దేశం. విభూతి రాల్చే బాబాల సంగతి సరే, శిబిరం నుంచి వచ్చినవారిని "ఏమైనా కనిపించిందా?" అని అడిగే అలవాటు మనలోనూ ఉంది.

సంయుత్త నికాయంలో సుసీముడనే పరివ్రాజకుడు ఉన్నాడు. సంఘానికి అందుతున్న ఆదరణ చూసి, ధమ్మాన్ని దొంగిలించి తనవాళ్లకు నేర్పాలని భిక్షువుగా చేరాడు. అర్హంతులమని ప్రకటించిన కొందరిని కలిసి వరుసగా అడిగాడు. గాలిలో ఎగరగలరా? పరుల మనసు తెలుస్తుందా? గతజన్మలు గుర్తున్నాయా? ప్రతిదానికీ లేదనే జవాబిచ్చారు. మరి ఎలా అర్హంతులయ్యారంటే, ప్రజ్ఞతో విముక్తి పొందామన్నారు.